ముఖచ్ఛాయ: వెండి లవణాలు, పరారుణ కాంతి, పసుపు ముద్రలు

నలుపు తెలుపు ఛాయాచిత్రంలో మనిషి ముఖం ఏ ఛాయలో కనిపిస్తుందన్నది ఆ మనిషి చర్మం ఒక్కటే నిర్ణయించే విషయం కాదు. ముఖం మీద పడే వెలుగు ఏయే రంగుల కిరణాలను ఎంతెంత మోసుకొస్తుంది, చర్మం వాటిలో వేటిని మింగి వేటిని తిప్పి పంపుతుంది, అలా తిరిగివచ్చిన కిరణాలలో వేటిని ఫిల్ము మీది వెండి లవణాల పూత గుర్తుపడుతుంది అన్న మూడు లెక్కలు కలిసి ఆ ఛాయను తేలుస్తాయి. నెగెటివ్‌ను కాగితం మీద ముద్రించే పద్ధతి ఆ తరువాత నాలుగో లెక్కగా వచ్చి చేరుతుంది. వీటిలో ఏ ఒక్కటి మారినా అదే మనిషి ఒక చిత్రంలో నల్లగా, ఇంకొక చిత్రంలో చామనఛాయగా, వేరొక చిత్రంలో పాలలా తెల్లగా పడవచ్చు. పెళ్ళి సంబంధాలకు ఫోటోలు పంపుకునే సమాజంలో ఇది కేవలం భౌతికశాస్త్రపు ముచ్చట కాదు, ఎందరో ఆడపిల్లల మీద తీర్పు చెప్పిన విషయం.

ఈ నాలుగు లెక్కలను పరిశీలించడానికి పాత కృష్ణా జిల్లా పడమటి మెట్టసీమ, అంటే 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం, చాలా అనువైన చోటు. ఒకదాని పక్కన పాలేరు, మరొకదాని పక్కన మునేరు పారి కృష్ణలో కలుస్తాయి. నేలలో సున్నపురాయి పుష్కలంగా ఉండడంవల్ల సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. వేసవిలో ఎండ 44 డిగ్రీలు దాటడం ఇక్కడివారికి కొత్త కాదు. ఎండ, సున్నపు నీరు, ఆకుపచ్చని చెట్టు నీడ అన్న మూడూ ఫోటో రసాయనానికి నేరుగా సంబంధించినవే. వెలుగు పడే కోణాన్నిబట్టి ముఖం ఎలా మారుతుందో చెప్పడానికి కూడా ఇక్కడి రాయే సాక్ష్యం. జగ్గయ్యపేట దగ్గరి ధనంబోడు దిబ్బను 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు బయటపడిన బౌద్ధ స్తూపపు ఫలకాలలో, నాణేల వాన కురుస్తుండగా చేయెత్తి నిలిచిన చక్రవర్తి ఫలకం ప్రసిద్ధమైనది, అది ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. సున్నపురాయిలో చాలా తక్కువ లోతున చెక్కిన ఇటువంటి మూర్తిని ఎదురువెలుగులో ఫోటో తీస్తే చదునైన పలకలా పడుతుంది, పక్కనుంచి రాతిని రాసుకుంటూ పోయే వెలుగులో తీస్తేనే ముక్కు, చెంప, భుజం నీడలతో లేచి నిలుస్తాయి. మనిషి ముఖానికీ ఇదే సూత్రం. స్టూడియోలో ప్రధాన దీపాన్ని ఒక పక్కకు, కాస్త ఎత్తున పెట్టడానికి కారణం ఇదే.

ఇక ఫిల్ము సంగతి. ఫిల్ము అంటే పారదర్శకమైన ఆధారం మీద జెలటిన్ పూత, ఆ పూతలో చెదిరి ఉన్న అతి సూక్ష్మమైన వెండి బ్రోమైడ్ స్ఫటికాలు. ఒక కాంతికణం స్ఫటికంలో ఒక ఎలక్ట్రాన్‌ను విడిపించినప్పుడు, ఆ ఎలక్ట్రాన్ వెండి అయాన్‌ను చేరి దానిని వెండి పరమాణువుగా మారుస్తుంది. అటువంటి పరమాణువులు ఒక్కచోట నాలుగో, అంతకంటే కాస్త ఎక్కువో గుమిగూడితే చాలు, డెవలపర్ అనే ద్రావణం ఆ స్ఫటికాన్ని మొత్తంగా నల్లని వెండిగా మార్చివేస్తుంది. వెలుగు వేసిన ముద్ర ఈ చర్యలో సుమారు వంద కోట్ల రెట్లు పెరుగుతుంది. వెలుగు తగలని స్ఫటికాలను హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం, కరిగించి తీసివేస్తుంది.

అయితే వెండి బ్రోమైడ్ తనంత తానుగా అన్ని రంగులనూ చూడలేదు. మనిషి కన్ను 400 నుంచి 700 నానోమీటర్ల వరకు (నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు) ఊదా మొదలు ఎరుపు దాకా చూస్తే, వెండి బ్రోమైడ్ అతినీలలోహితాన్ని, ఊదాను, నీలాన్ని మాత్రమే మింగుతుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దానికి చీకటితో సమానం. 19వ శతాబ్దపు ఛాయాగ్రాహకులలో అత్యధికులు ఇటువంటి పలకలతోనే పనిచేశారు. 1873లో జర్మనీకి చెందిన హెర్మన్ వోగెల్, పలకలో ఒక రంగు పదార్థం కలిపితే అది మింగే రంగును పలక కూడా చూడగలుగుతుందని కనిపెట్టాడు. ఆ దారిలో ముందుగా ఆకుపచ్చ దాకా చూసే ఆర్థోక్రొమాటిక్ పలకలు, 1906 నుంచి ఎరుపు దాకా చూసే పాంక్రొమాటిక్ పలకలు బజారులోకి వచ్చాయి. అయినా సామాన్యుల చేతికి అన్ని రంగులూ చూసే ఫిల్ము చేరడానికి ఇంకా చాలాకాలం పట్టింది. కొడాక్ సంస్థ అమ్మిన ప్రజాదరణ పొందిన వెరిక్రోమ్ ఫిల్ము సైతం 1956 దాకా ఆర్థోక్రొమాటిక్‌గానే ఉండిపోయింది.

ఈ నీలపు చూపు తెలుగు ముఖానికి ఏం చేసిందో ఆలోచించవలసిన విషయం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అతినీలలోహితాన్ని, నీలాన్ని ఎక్కువగా మింగుతుంది, ఎరుపు వైపు వెళ్ళేకొద్దీ తక్కువగా మింగుతుంది. కనుక నీలాన్ని మాత్రమే చూసే పలక మీద చామనఛాయ ముఖం కంటికి కనిపించేదానికంటే బాగా నల్లగా పడుతుంది. దానికితోడు ముఖానికి పసుపు రాసుకోవడం ఆచారం. పసుపులోని కర్క్యుమిన్ సుమారు 425 నానోమీటర్ల దగ్గర, అంటే ఆ పలకకు కనిపించే ఊదా నీలాల నడుమ, వెలుగును తీవ్రంగా మింగుతుంది. అంటే కంటికి బంగారు కాంతితో మెరిసే పసుపు ముఖం ఆ పలకకు నీడలో ఉన్నట్టు తోస్తుంది. కుంకుమ బొట్టు ఎర్రనిది కాబట్టి నల్లని చుక్కగా పడుతుంది, తాంబూలంతో ఎర్రబడ్డ పెదవులూ నల్లబడతాయి, జడలోని మల్లెలు మాత్రం తెల్లగా వెలిగిపోయి పక్కనున్న ముఖాన్ని ఇంకా నల్లగా చూపిస్తాయి. మంగళద్రవ్యాలన్నిటితో ముస్తాబైన పెళ్ళికూతురికే ఆ పలక అందరికంటే ఎక్కువ అన్యాయం చేసిందన్నమాట.

తెలుగు నేల మీద ముఖచిత్రాలకు పెద్ద పేరు తెచ్చిన రాజా దీన్‌దయాళ్ పనిచేసింది ఈ యుగంలోనే. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా సికింద్రాబాదులో స్టూడియో నడిపిన ఆయన, 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం వేరుగా జెనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లు 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. ఆ కాలపు నెగెటివ్ మీద పెన్సిలుతో దిద్దడం స్టూడియోలన్నిటిలో నిత్యం జరిగే పని. నెగెటివ్‌లో వెలుతురు భాగాలు నల్లగా, చీకటి భాగాలు పలుచగా ఉంటాయి గనుక, ముఖం పలుచగా పడినచోట సన్నని పెన్సిలు గీతలు వేస్తే ఆ చోట కాగితం మీద తెల్లబడుతుంది. రీటచింగ్ అని చిన్న ఊళ్ళ స్టూడియోల దాకా వ్యాపించిన ఈ విద్యను ముఖస్తుతిగా మాత్రమే చూడడం సరికాదు, అందులో కొంత భాగం పలక చేసిన తప్పును చేత్తో సరిదిద్దడమే. ఎంత వరకు దిద్దుబాటు, ఎక్కడి నుంచి తెల్లదనం మీది మోజు అన్నది ఒక్కొక్క నెగెటివ్‌నూ పట్టి చూడవలసిన ప్రశ్న.

ఇక వేడి, దుమ్ముల సంగతి. 1960లో భారత ప్రభుత్వం ఊటీలో హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించగా, 1967లో అక్కడ ఉత్పత్తి మొదలై 'ఇందు' పేరుతో ఫిల్ములు, కాగితాలు వచ్చాయి. కర్మాగారానికి ఊటీని ఎంచుకోవడంలో అక్కడి చల్లదనం, దుమ్ము లేని గాలి ముఖ్యమైనవి. మెట్టసీమ స్టూడియోకు ఆ రెండూ కొరతే. డెవలపర్‌కు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. వేడి పెరిగితే రసాయన చర్య వేగం పెరిగి, నిమిషాలలో జరగవలసిన పని అదుపు తప్పుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం జెలటిన్‌ది. గోరువెచ్చని ద్రావణంలో అది నీరు పీల్చి ఉబ్బి మెత్తబడుతుంది, వేడి ద్రావణం నుంచి చల్లని నీటిలోకి ఒక్కసారిగా మార్చితే ముడతలు పడి ముఖం మీద పగుళ్ళ వలలా కనిపిస్తుంది, మరీ వేడెక్కితే అంచుల దగ్గర ఆధారం నుంచి ఊడివస్తుంది. అందుకే ఉష్ణదేశపు డెవలపర్లలో సోడియం సల్ఫేట్ కలిపి జెలటిన్ ఉబ్బకుండా ఆపుతారు, హైపోలో పటిక కలిపి పొరను గట్టిపరుస్తారు, తొట్టి చుట్టూ ఐసు పెట్టి, రాత్రి చల్లబడ్డాక పని చేస్తారు.

నీటి సంగతి దీనికి తీసిపోదు. సున్నపురాతి పొరల గుండా వచ్చిన బావినీటిలో కాల్షియం బైకార్బనేటు ఎక్కువ. డెవలపర్‌లోని సోడాతో అది కలిసినప్పుడు ద్రావణం సున్నపు నీళ్ళలా తెల్లబారుతుంది; కడిగిన ఫిల్మును ఆరబెట్టినప్పుడు నీటిబొట్టు ఆవిరై, దాని చోట తెల్లని సున్నపు మచ్చ మిగులుతుంది, ఆ మచ్చ ముఖం మీద పడితే ముద్రలో అది తొలగదు. ద్రావణాలు కలపడానికీ చివరి కడుగుకూ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడడం దీనికి నమ్మకమైన మార్గం.

పాంక్రొమాటిక్ ఫిల్ము ఎరుపును చూడడం మొదలుపెట్టాక ముఖానికి కొంత న్యాయం జరిగింది, పైగా ఎరుపు ఎక్కువగా ఉండే బల్బుల వెలుగులో చర్మం ఇంకాస్త తేటగా పడింది. ఆ దారిలోనే ఎరుపును దాటి కంటికి కనిపించని చోటికి వెళ్ళితే పరారుణ ప్రాంతం వస్తుంది. 1910లో అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ పరారుణ కాంతితో తీసిన ప్రకృతి దృశ్యాలను ప్రచురించాడు. వాటిలో ఆకాశం నల్లగా, చెట్ల ఆకులు మంచులా తెల్లగా ఉన్నాయి. ఈ రంగంలో పేరుపొంది 900 నానోమీటర్ల దాకా చూసిన కొడాక్ హెచ్.ఐ.ఇ. ఫిల్ము ఉత్పత్తి 2007లో ఆగిపోయింది. ఇల్‌ఫోర్డ్ ఎస్.ఎఫ్.ఎక్స్. 200 ఫిల్ము సుమారు 740 నానోమీటర్ల వరకు, రోలై ఇన్‌ఫ్రారెడ్ 400 ఫిల్ము సుమారు 820 వరకు చూస్తాయి. లెన్సు ముందు 720 నానోమీటర్లకు కింది వెలుగును ఆపివేసే దాదాపు నల్లని ఫిల్టరు పెడితే, మిగిలిన ఆ సన్నని పట్టీతోనే చిత్రం పడుతుంది. ఇది శరీరపు వేడిని చూపే చిత్రం అనుకోవడం పొరపాటు. 37 డిగ్రీల శరీరం వెదజల్లే కిరణాల తరంగదైర్ఘ్యం 9,000 నానోమీటర్ల చుట్టూ ఉంటుంది, ఏ ఫిల్మూ దానిని అందుకోలేదు. ఇక్కడ పనిచేసేది ఎండలోని పరారుణ కాంతి చర్మాన్ని తాకి తిరిగిరావడమే.

ఆ కాంతిలో ముఖం కొత్త నియమాలను పాటిస్తుంది. 800 నానోమీటర్ల దగ్గర మెలనిన్ చాలా తక్కువగా మింగుతుంది గనుక, పక్కపక్కన నిలబడ్డ నల్లని మనిషికీ తెల్లని మనిషికీ ఛాయలో తేడా బాగా తగ్గిపోతుంది. కిరణాలు చర్మంలోకి కొన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగి చెదిరి పైకి వస్తాయి, అందువల్ల మచ్చలు, మొటిమలు కరిగిపోయి చర్మం మైనపు నునుపుతో వెలుగుతుంది. చర్మం కిందనున్న సిరలు మాత్రం నల్లని గీతలుగా పైకి తేలవచ్చు. కంటికి నల్లగా తోచే కనుపాప చుట్టూరి గోధుమరంగు వలయం తన లోపలి అల్లికను చూపిస్తుంది, ఆధార్ నమోదులో కంటిని పరారుణ దీపంతో చిత్రించడానికి కారణం అదే. ఎర్రని కుంకుమ రంగులు పరారుణాన్ని తిప్పి పంపుతాయి కాబట్టి, పాత పలక మీద నల్లగా పడ్డ బొట్టు ఈ ఫిల్ము మీద చర్మంలో కలిసిపోయి కనిపించకుండా పోతుంది. దానికి భిన్నంగా కాటుక దీపపు మసి, అంటే కార్బన్, దానికి ఏ కిరణమైనా ఒకటే గనుక కళ్ళ చుట్టూ అది నల్లగానే నిలుస్తుంది. పసుపు కుంకుమలు మాయమై కాటుక మాత్రం మిగిలిన ఆ ముఖాన్ని చూసి ఇది అబద్ధపు చిత్రం అని కొట్టివేయకూడదు. నల్లని బొట్టుతో, నల్లబడ్డ చెంపలతో పడిన పాత చిత్రం ఎంత నిజమో ఇదీ అంతే నిజం.

ఈ పద్ధతిలో ముఖాన్ని చిత్రించడానికి మెట్టసీమలో శ్రేష్ఠమైన చోటు వేపచెట్టు నీడ. ఆకులోని పత్రహరితం ఎరుపును, నీలాన్ని మింగుతుంది గాని పరారుణం జోలికి పోదు. ఆకు దానిలో దాదాపు సగాన్ని తిప్పి పంపి, మిగిలినదానిలో అధికభాగాన్ని తన గుండా కిందికి వదులుతుంది. కనుక కంటికి చల్లని చీకటిగా ఉన్న చెట్టునీడ పరారుణ ఫిల్ముకు నలువైపులనుంచీ మెత్తని వెలుగు వచ్చే పందిరి. ఆ వెలుగులో కళ్ళు చిట్లించే పని లేదు, ముక్కు కింద కటికనీడ పడదు. కాంతిని కొలిచే మీటరు మనిషి కంటిలా ఆ నీడను చీకటిగానే లెక్కిస్తుంది కాబట్టి దానిని పూర్తిగా నమ్మకుండా, ఒక్కొక్క ముఖానికి వేర్వేరు వ్యవధులతో మూడు నాలుగు చిత్రాలు తీయడం మంచిది. పరారుణ కిరణాలు లెన్సు వెనుక కాస్త దూరంగా కేంద్రీకృతమవుతాయి, అందుకే పాత లెన్సుల మీద ఫోకస్ గీత పక్కన చిన్న ఎర్ర గుర్తు ఉంటుంది. ఫోకస్‌ను ఆ గుర్తుకు జరిపి, లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 8 లేదా ఎఫ్ 11కు కుదిస్తే కళ్ళు స్పష్టంగా పడతాయి.

నెగెటివ్ చేతికి వచ్చాక బజారు కాగితమే వాడాలన్న నియమం లేదు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైపుకు వెండి అక్కరలేదు, చీకటి గదీ అక్కరలేదు. వంద మిల్లీలీటర్ల నీటిలో 25 గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేటు, వేరొక వంద మిల్లీలీటర్లలో 10 గ్రాముల పొటాషియం ఫెర్రీసయనైడు కరిగించి, రెంటినీ సమపాళ్ళలో కలిపి కాగితానికి పూసి మసక వెలుగున్న గదిలో ఆరబెట్టాలి. నెగెటివ్‌ను దానిపై అదిమి ఎండలో పెట్టినప్పుడు అతినీలలోహిత కిరణాలు ఇనుపు లవణాన్ని క్షయకరణం చేస్తాయి, ఆ ఇనుము ఫెర్రీసయనైడుతో కలిసి ప్రష్యన్ బ్లూ అనే కరగని నీలం అవుతుంది. వెలుగు తగలని పసుపుపచ్చని పూత నీటిలో కొట్టుకుపోతుంది. కృష్ణా మెట్టలోని వైశాఖపు ఎండకు ఇది కొద్ది నిమిషాల పని. అయితే ఇక్కడి సున్నపు నీరు మళ్ళీ అడ్డుపడుతుంది, ఎందుకంటే ప్రష్యన్ బ్లూ క్షారాన్ని తట్టుకోలేదు, అటువంటి నీటిలో ఎక్కువసేపు నానితే ముఖంలోని లేత ఛాయలు ముందుగా వెలిసిపోతాయి. కడుగునీటిలో కొన్ని చుక్కల నిమ్మరసం పిండితే నీలం నిలుస్తుంది.

నీలపు ముఖం నచ్చనివారికి అదే బలహీనత వరమవుతుంది. ముద్రను పలుచని చాకలిసోడా నీటిలో ముంచితే నీలం విరిగి ఇనుపు హైడ్రాక్సైడుగా మారి పసుపుగోధుమ రంగుకు దిగుతుంది. కడిగి, కరక్కాయ కషాయంలో వేస్తే అందులోని టానిన్ ఇనుముతో కలిసి ఊదా కలిసిన నలుపు తేలుతుంది. ఇది కృష్ణా జిల్లాకు కొత్త రసాయనం కాదు. పెడనలో కలంకారీ అద్దకపువారు బట్టను కరక్కాయ నీటిలో ముంచి, తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో ఊరబెట్టిన ద్రావణాన్ని అచ్చుతో అద్దినప్పుడు తేలే నలుపు అచ్చంగా ఈ ఇనుపు టానేటే. నూలుబట్ట మీద సయనోటైపు ముఖచిత్రం వేసి కరక్కాయతో నలుపు తేల్చడం ఆ అద్దకపు విద్యకు సహజమైన కొనసాగింపు అవుతుంది.

తుమ్మబంకలో రంగుపొడి, పొటాషియం డైక్రోమేటు కలిపి వేసే బంక ముద్ర కూడా అందమైనదే. వెలుగు తగిలినచోట బంక గట్టిపడి రంగును పట్టుకుంటుంది, తగలనిచోట నీటిలో కరిగిపోతుంది. కాని డైక్రోమేటు కాన్సరు కారకం, కడిగిన నీరు బావులకూ కాలువలకూ హాని, కనుక ఇళ్ళలో చేయదగిన పని కాదు.

పసుపుతో వేసే ముద్రకు ఆ భయం లేదు. పసుపును స్పిరిట్‌లో కలిపి వడగట్టి కాగితానికి పూసి, దానిపై ముఖం ఉన్న పారదర్శకపు షీటు పెట్టి గంటలకొద్దీ ఎండనిస్తే, వెలుగు సోకినచోట కర్క్యుమిన్ విరిగి రంగు వెలిసిపోతుంది. ఇందులో వెలుగు నలుపును పుట్టించదు, ఉన్న రంగును తీసివేస్తుంది, కాబట్టి నెగెటివ్‌కు బదులు పాజిటివ్ కావాలి. తరువాత కాగితాన్ని వెలిగారం నీటిలో ముంచితే మిగిలిన పసుపు ఎర్రని గోధుమరంగుకు తిరుగుతుంది. పసుపుకు సున్నం కలిపి కుంకుమ చేయడంలో జరిగే మార్పూ ఇదే. ఈ ముద్ర శాశ్వతం కాదు, గోడకు వేలాడదీస్తే అదే వెలుగు దానిని మెల్లగా తినివేస్తుంది, పుస్తకంలో దాచి అప్పుడప్పుడు తీసి చూసుకోవలసిందే.

ఈ పద్ధతులు అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చేది పాత స్టూడియోలలో మిగిలిన నెగెటివ్‌లకు. కాగితం మీది పాత ఫోటో ఆనాటి ముద్రణకారుడి నిర్ణయం మాత్రమే. నల్లగా పడిన ముఖంలో సైతం నెగెటివ్‌లో చాలాసార్లు చెంపకూ కణతకూ మధ్య తేడా నిలిచి ఉంటుంది, ముద్రణను మార్చితే అది పైకి వస్తుంది. అటువంటి నెగెటివ్‌లను రేకు కప్పు కింద బీరువాలో బిగించి ఉంచకూడదు. 20వ శతాబ్దపు ఫిల్ములలో అత్యధికం సెల్యులోజ్ అసిటేటు, వేడికి, తేమకు అది విరిగి వెనిగర్ వాసన వదులుతుంది, ఆ ఆమ్లపు ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే పక్కనున్న ఫిల్ములు కూడా పాడవుతాయి. గాలి ఆడే కాగితపు కవర్లలో, ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో పెట్టడం అవసరం. పాత పెట్టె కెమెరాల 6 సెంటీమీటర్ల నెగెటివ్‌లూ, స్టూడియో గాజు పలకలూ అదే పరిమాణంలో నేరుగా సయనోటైపుకు పనికివస్తాయి. నెగెటివ్‌కూ పూత పూసిన కాగితానికీ మధ్య పలుచని పాలియెస్టర్ షీటు ఒకటి ఉంచితే ఇనుపు లవణాలు దానికి అంటవు. గాజు పలకను అదిమేటప్పుడు బరువు అంతటా సమంగా పడాలి, లేకపోతే పగులుతుంది. దాని మీద పెన్సిలు గీతలు కనిపిస్తే తుడవకుండా ముందు ఉన్నది ఉన్నట్టుగా ఒక ముద్ర తీయాలి, ఎందుకంటే ఆ గీతలు ఎక్కడ, ఎంత దట్టంగా పడ్డాయో చూస్తేనే పలక ఎంత నల్లబరిచింది, చేయి ఎంత తెల్లబరిచింది అన్నది తెలుస్తుంది.